యాత్రా ముహూర్తము నదియే పెట్టవలెను

కార్తీకమాసము ప్రవేశించి, గోదావరిలోని ఎర్రనీరు తేరుకొని, భద్రాద్రి చుట్టునున్న అడవులలో చలిగాలి మొదలు కాగానే, హైదరాబాదు, వరంగల్లు, విజయవాడ నగరములలోని కుటుంబములవారు పాపికొండల యాత్రకు సన్నాహములు చేయుదురు. సెలవు దినములను లెక్కించి, రైలు టికెట్లు తీసికొని, భద్రాచలమున గది కుదుర్చుకొని, లాంచీ టికెట్టు సయితము ముందుగనే కొని, ఇన్ని ఏర్పాట్లు చేసికొనియు, ఏ నదిమీద ప్రయాణము చేయబోవుచున్నారో ఆ నది సంగతి మాత్రము విచారింపకయే బయలుదేరుదురు. నదీయాత్రకు దినము నిర్ణయించు అధికారము నదికి గలదు. ఆ అధికారమును మనము సెలవుల జాబితాకు అప్పగించితిమి. ముందుగా వసూలైన టికెట్టు డబ్బునకు అప్పగించితిమి. దానివలన కలిగిన నష్టము చిన్నది కాదు గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

ద్వీపయాత్ర యనగానే మనవారికి అండమాను, లక్షద్వీపములు, మాల్దీవులు స్ఫురించును గాని, ఖమ్మం అడవులు తూర్పు కనుమలతో కలిసి గోదావరిని ఇరుప్రక్కల నుండి ఒరసికొని నిలుచు చోట, ద్వీపములవంటి ఊళ్లు మనకును గలవు. పేరంటాలపల్లి అట్టిది, కొల్లూరు అట్టిది. వెనుక కొండ, ముందు నది. బయటి లోకమునకు దారి నీటిమీదనే. పోచవరము రేవున లాంచీ యెక్కిన యాత్రికుడు పేరంటాలపల్లిలో దిగి, రామకృష్ణ మునివాటమున శివుని దర్శించి, అచ్చటి గిరిజనులైన కొండరెడ్లు వెదురును సన్నని పొరలుగా చెక్కి చేసిన పూలను కొని, మరల లాంచీ యెక్కి, రెండు కొండల నడుమ నది ఇరుకై లోతై నీడలు క్రమ్మిన చోటు దాటి, కొల్లూరు ఇసుకతిన్నెమీది వెదురు గుడిసెల వద్ద దిగి, వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసము రుచి చూచి, ప్రొద్దు కొండ వెనుకకు వాలకముందే వెనుదిరుగును. ఇంతకంటె సుందరమైన దినము తెలుగునాట దొరకుట అరుదు. ఐనను ఈ దినము మన ఇచ్ఛవలన దొరకునది కాదు. వానయు, వరదయు, గాలియు, మంచును, రహదారియు ఏకీభవించిననాడే దొరకును.

మొదట తెలియవలసినది, వాన ఎక్కడ కురియుచున్నదను సంగతి. భద్రాచలమున ఆకాశము నిర్మలమై ఎండ కాయుచుండగనే గోదావరి గంటగంటకు పెరుగుట శ్రావణ భాద్రపదములలో అచ్చటివారికి క్రొత్త కాదు. ఆ నీరు భద్రాచలములో కురిసినది కాదు. వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగా నదుల నీటిని మోసికొనివచ్చు ప్రాణహితది కొంత. బస్తరు అడవులను కడిగికొనివచ్చు ఇంద్రావతిది కొంత. కాళేశ్వరము వద్ద పెరిగిన వరద పేరూరు, ఏటూరునాగారము, దుమ్ముగూడెము దాటి భద్రాచలము చేరుటకు వ్యవధి పట్టును. ఆ వ్యవధియే యాత్రికునకు దొరకు ముందస్తు వర్తమానము. తన ఊరి ఆకాశమును చూచి యాత్రను నిశ్చయించుకొనువాడు చూడవలసిన దిక్కును వదలి వేరొక దిక్కు చూచుచున్నాడు.

భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టు 16న నది 75.6 అడుగులకు ఎక్కినది. ఆ మట్టమును అది ఇంతవరకు మరల దాటలేదు. 2022 జూలైలో 71.3 అడుగులు చేరి, వంతెనమీద రాకపోకలు నిలిపివేయవలసి వచ్చినది. ఈ అంకెలు భద్రాచల వాసులకు పిల్లల వయస్సులవలె నోటికి వచ్చును. స్నానఘట్టమున మెట్లలో ఎన్ని మునిగినవో చూచి, రాత్రికి సామాను మేడమీదికి ఎక్కింపవలెనా వలదా యని చెప్పగల గృహిణులు అచ్చట గలరు. దూరమునుండి వచ్చు యాత్రికుడు ఆ పాటి జ్ఞానమైన లేకుండ లాంచీ యెక్కుట విచారకరము.

ఇందులో మరియొక సూక్ష్మము గలదు. దీనిని గమనించువారు మరింత తక్కువ. భద్రాచలము మట్టములో శబరి లెక్క చేరదు. ఒడిశా కొండలలో పుట్టి, సీలేరును కలుపుకొని, కోంటా, చింతూరుల మీదుగా వచ్చు శబరి భద్రాచలమునకు దిగువన కూనవరము వద్ద గోదావరిలో కలియును. లాంచీలు బయలుదేరు పోచవరము ఆ సంగమమునకు ఇంకను దిగువనున్నది. కావున భద్రాచలమున నీరు తగ్గుముఖము పట్టినదని విని సంతోషించి బయలుదేరిన యాత్రికునకు పోచవరమున శబరి నీరు ఎదురు కావచ్చును. గోదావరి నిండుగానున్న దినములలో శబరి ముందుకు సాగలేక ఎగపోటు వేసి, చింతూరు, కూనవరము ప్రాంతముల రహదారులను ముంచివేయును. అట్టిదినమున లాంచీ సిద్ధముగా నున్నను రేవునకు చేరు దారి యుండదు. పాపికొండల యాత్రకు రెండు నదుల వర్తమానము కావలెను. ఒక్క నది వర్తమానము చాలదు.

జూన్ నుండి అక్టోబరు దాకా ఈ యాత్రను తలపెట్టరాదు. కార్తీకారంభమున సయితము బంగాళాఖాతములో వాయుగుండమేదియు లేదని తెలిసికొన్న పిమ్మటనే కదలవలెను. నవంబరు చివరివారము మొదలు ఫిబ్రవరి దాకా నది ప్రసన్నముగా నుండును. ఐతే పుష్యమాసపు ఉదయములలో లోయనంతను పొగమంచు కప్పి, ప్రొద్దెక్కువరకు లాంచీని కదలనీయదు. అట్లు ఆలస్యమైనదినమున కొల్లూరును మానుకొని పేరంటాలపల్లి నుండియే వెనుదిరుగుట వివేకము. ఆలస్యమును వేగముతో పూడ్చుకొనబూనుట అవివేకము. మార్చి దాటిన పిమ్మట భద్రాద్రి ఎండలు ప్రసిద్ధములు. ఎండను ఓర్చుకొన్నను, వైశాఖ జ్యేష్ఠముల సాయంకాలములలో కొండల నడుమనుండి ఉన్నట్టుండి విరుచుకొనిపడు గాలివానను ఓర్చుకొనుట లాంచీకి సాధ్యము కాదు.

ఈ మాటకు 2018 మే 15వ తేదీ సాక్షి. ఆ సాయంకాలము దేవీపట్నము మండలమున మంటూరు సమీపమున ఒక లాంచీ గాలివానలో చిక్కి మునిగినది. అందున్నవారిలో అత్యధికులు విహారయాత్రికులు కారు. సంతకో, ఆసుపత్రికో, కార్యాలయమునకో పోయి ఇంటికి మరలివచ్చుచున్న మన్యపు పల్లెలవారు. వానజల్లు పడుచున్నదని తలుపులు మూసికొనగా, లాంచీ ఒరిగినప్పుడు బయటపడు దారియే లేకపోయినది.

ఆ మరుసటి యేడు, 2019 సెప్టెంబరు 15, ఆదివారము. గోదావరిలో సుమారు ఐదులక్షల క్యూసెక్కుల ప్రవాహమున్న దినమది. గండిపోచమ్మ ఆలయము వద్దనుండి పాపికొండలకు బయలుదేరిన విహారనౌక కచ్చులూరు మందము వద్ద సుడిలో చిక్కి మునిగిపోయినది. డెబ్బదిమందికి పైగా ఎక్కిన ఆ నౌకలోనుండి ఇరువదియార్గురు బ్రతికి బయటపడిరి. వారిని కాపాడినవారు ఒడ్డునున్న పల్లెలనుండి నాటుపడవలలో ఎదురేగిన గిరిజనులు, మత్స్యకారులు. వరంగల్లు చేరువనున్న కడిపికొండనుండి ఒక్క బృందముగా పదునలుగురు పోగా తొమ్మండుగురు తిరిగిరాలేదు. అడుగుకు చేరిన నౌకను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము ఎన్నో విఫలయత్నముల అనంతరము అక్టోబరు 22న ఒడ్డునకు తెచ్చినది. ఆ నౌక ఎందుకు మునిగెనను ప్రశ్నకు సుడి, లోతు, ఇరుకు అను ఉత్తరములు చెప్పుదురు. అవి ఆ నదిలో వేలయేండ్లుగా నున్నవే. ఆ ఆదివారము, అంత వరదలో, నౌకను రేవునుండి ఎందుకు కదలనిచ్చిరను ప్రశ్నయే నాకు ముఖ్యము.

దీనికి సమాధానము నావికుని నైపుణ్యములో దొరకదు. సరంగు నీటిరంగు చూచి లోతు చెప్పగలడు. నీటిమీది ముడుతలు చూచి అడుగున బండ యున్నదో లేదో పసికట్టగలడు. అతనికి తెలియని సుడి ఆ దారిలో లేదు. కాని ఆ ఉదయమున అతని చుట్టు నిలిచినవారెవరు? మున్నూరు కిలోమీటర్ల దూరమునుండి పిల్లలతో, వృద్ధులతో వచ్చి, రేపు పనికి హాజరు కావలసిన యాత్రికులు. డబ్బు ముందే వసూలు చేసి, దానిని తిరిగి ఇచ్చుటకు మనసొప్పని నిర్వాహకుడు. ఆ దినము లాంచీ కదలనిచో కూలి దక్కని పనివాండ్రు. లాంచీ ఆగినచో వీరందరికిని నష్టమే. నష్టపడువారి చేతిలోనే నిర్ణయమునుంచి, వారు ఎల్లప్పుడు వివేకముగా నిర్ణయింతురని ఆశించుట ధర్మము కాదు. ఆ నిర్ణయము, లాంచీ కదలినను కదలకున్నను తనకొరుగునదియు తరుగునదియు లేనివాని చేతిలో నుండవలెను.

ఈ నదిని తన కాలపట్టికకు లొంగదీయబూనినవారు పూర్వమును గలరు. ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి నిర్మించిన ఆర్థరు కాటన్ దొర, గోదావరిమీదుగా మధ్యరాష్ట్రముల ప్రత్తిని సముద్రమునకు చేర్చు నౌకామార్గమును భావన చేసెను. హేగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు, లాకులును, కాలువయు నిర్మించిరి. ఎగువనున్న రాతి అవరోధములను దాటుటకు మరికొన్ని పనులు ఆరంభించిరి. జ్వరములు, వరదలు, అడుగంటు వేసవి నీరు, పెరుగుచున్న వ్యయము, అన్నియు కూడి 1871లో ఆ పథకమునకు స్వస్తి చెప్పించినవి. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని అచ్చట నిలిచియున్నది. సామ్రాజ్యపు ధనబలమునకు లొంగని నది మన వారాంతపు సెలవునకు లొంగునని తలంచుటకు ఆధారమేమి?

1965లో భద్రాచలము వద్ద వంతెన ఏర్పడుటకు ముందును, ఆ తరువాత కొంతకాలమును, రాజమహేంద్రవరమునుండి లాంచీ యెక్కి శ్రీరామనవమికి వచ్చు భక్తులు అసంఖ్యాకులు. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ చిత్రము ఆ ప్రయాణమునే కథావస్తువుగా గ్రహించినది. ఆ కాలపు యాత్రికునకు రేవున వేచియుండుట యాత్రలో ఒక భాగము. నీరు చాలదన్నచో ఆగెను, వరద వచ్చినదన్నచో సత్రమున పండుకొనెను. మనకు రైళ్లు, బస్సులు, కార్లు వచ్చినవి. వేచియుండు ఓపిక పోయినది. వాహనములు వేగవంతములైనంత మాత్రమున నది స్వభావము మారలేదు.

సముద్రద్వీపములకు పోవువారు ఈ పాఠమును ఏనాడో నేర్చిరి. 2016 డిసెంబరులో అండమానులోని హేవ్‌లాక్ ద్వీపమున, ఇప్పటి స్వరాజ్ ద్వీపమున, తుఫానువలన పడవలు నిలిచిపోయి వేయిమందికి పైగా యాత్రికులు చిక్కువడగా, నౌకాదళము వచ్చి వారిని తరలింపవలసి వచ్చినది. పడవలు ఆగుటచేత వారికి అసౌకర్యము కలిగినమాట నిజమే. ఐతే అసౌకర్యము పొందినవారు ఇంటికి తిరిగివచ్చిరి. ఫిలిప్పీన్సులో తుఫాను సంకేతము ఎగురవేయగానే తీరరక్షకదళము నౌకలను రేవులోనే నిలిపివేయును. నౌక యజమాని అభిప్రాయముతో గాని, యాత్రికుని విమానపు వేళతో గాని దానికి నిమిత్తము లేదు. అందుచేతనే అట్టి ద్వీపములకు పోవు అనుభవజ్ఞుడైన యాత్రికుడు, తిరుగు విమానమునకు ముందు ఒక దినమును ఖాళీగా నుంచుకొనును.

మన యాత్రికుడును అట్లే చేయవలెను. భద్రాచలమునకు రైలు లేదు. భద్రాచలం రోడ్డు అను పేరుగల స్టేషను కొత్తగూడెములో నున్నది, అచ్చటినుండి నలుబది కిలోమీటర్లు బస్సులో పోవలెను. లేదా ఖమ్మములో దిగి అడవిదారిన బస్సెక్కవలెను. భద్రాచలమునుండి పోచవరము రేవునకు మరల ఘాటురోడ్లమీద, పల్లెలమీదుగా దీర్ఘమైన ప్రయాణము. రైలు, బస్సు, కారు, లాంచీ అను ఈ నాలుగింటిలో ఏ యొక్కటి తప్పినను తక్కినవి తప్పును. కావున మొదటిదినము రామదర్శనమునకు, రెండవదినము నదికి, మూడవదినము ఖాళీగా నుంచి, తిరుగు టికెట్టు మూడవనాటి రాత్రికి తీసికొనుట ఉత్తమము. రెండవనాడు నది ఒప్పుకొన్నచో మూడవనాడు పర్ణశాలను, పాల్వంచ చేరువనున్న కిన్నెరసానిని చూడవచ్చును. ఒప్పుకొననిచో ఆ క్రమమును తారుమారు చేసికొనవచ్చును. సాధ్యమైనచో ఆదివారమును, పండుగ మరునాటిని విడిచిపెట్టవలెను. ముక్కోటికి గోదావరిలో హంసవాహనముపై స్వామివారి తెప్పోత్సవమును చూడగోరువారు ఆ రద్దీలోనే లాంచీయాత్రను ఇరికింపక, రెండుమూడు దినములు ఆగి పోవుట మేలు.

ఐనను, భారమంతయు యాత్రికునిమీద మోపుట న్యాయము కాదు. 2014లో పోలవరము ప్రాజెక్టు ముంపు మండలములు ఆంధ్రప్రదేశమున చేరినప్పటినుండి ఈ యాత్ర రెండు రాష్ట్రముల నడుమ పడినది. టికెట్టు తెలంగాణములోని భద్రాచలమున అమ్ముదురు. లాంచీ ఆంధ్రప్రదేశములోని పోచవరమున కదలును. నీటిమట్టము ఒక ప్రభుత్వము ప్రకటించును; అనుమతి మరియొక ప్రభుత్వమిచ్చును. కచ్చులూరు దుర్ఘటన తరువాత పడవలను తనిఖీ చేయు తొమ్మిది నియంత్రణ కేంద్రములకు 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శంకుస్థాపన చేసినది. ఆ ఆలోచన మంచిది. కాని రేవున జరుగు తనిఖీ రేవు చేరినవానికే ఉపయోగపడును. ఇల్లు కదలకముందే తెలియవలసినది వేరు. ప్రతిదినము సాయంకాలము, కాళేశ్వరము, భద్రాచలము, కోంటా, కూనవరము మట్టములను చూచి, రేపు లాంచీలు కదలునా కదలవా యను ఒక్క వాక్యపు ప్రకటనను ఉభయ రాష్ట్రముల అధికారులు కలిసి చేసి, భద్రాచలము బస్టాండున, ఆలయము ముందర, కొత్తగూడెము స్టేషనున, పోచవరము రేవున పెట్టింపవలెను. ఇది కోట్ల వ్యయముతో కూడిన పని కాదు.

దానితోపాటు మరి రెండు నియమములు అత్యవసరములు. నదివలన యాత్ర రద్దయినచో టికెట్టు సొమ్ము పూర్తిగా, అడుగకయే, ఆ దినమే తిరిగి ఇచ్చి తీరవలెను. అప్పుడు యాత్రికుడు పట్టుబట్టడు. రద్దయిన దినమునకు సయితము సరంగునకును, పనివాండ్రకును కూలి ముట్టవలెను. అప్పుడు వలదని చెప్పుటకు సరంగు వెనుకాడడు. ఈ వ్యయమును భరించుటకు ప్రతి టికెట్టుమీద స్వల్పమైన మొత్తమును నిధిగా ప్రత్యేకించుట కష్టము కాదు. లైఫ్ జాకెట్లు, పడవ దృఢత్వము, ప్రయాణికుల సంఖ్య, వీనిని గూర్చిన నియమములు ఇప్పటికే గలవు, అవి అవసరమే. కాని జాకెట్టు ప్రమాదము జరిగిన పిమ్మట రక్షించునది. డబ్బు తిరిగి ఇచ్చు నియమము ప్రమాదమునే జరుగనీయనిది.

ఈ రక్షణ విహారయాత్రికులకు మాత్రమే పరిమితమైనచో అది అర్ధధర్మము. మనకు ఒకనాటి వేడుకయైన నీటిదారి కొండరెడ్లకు నిత్యజీవితము. వారి గర్భిణులు పోవు పడవ, వారి పిల్లలు వసతిగృహమునకు పోవు పడవ, పర్యాటకుల లాంచీకంటె తక్కువ పదిలముగా నుండుట మంటూరులో చూచితిమి. నది వర్తమానము వారి రేవులకును చేరవలెను. తనిఖీ వారి పడవలకును జరుగవలెను. కచ్చులూరులో మనవారిని ఒడ్డునకు చేర్చిన చేతులు వారివేయని మరువరాదు.

పోలవరము జలాశయము 150 అడుగుల పూర్తిమట్టమునకు నిండిననాడు ఈ లోయ స్వరూపమే మారును. నేడు మనము దిగు తిన్నెలు, గుడిసెలు, ఎన్నియో పల్లెలు నీటి అడుగునకు పోవును. తరతరములుగా అచ్చట వసించిన జనులు ఇప్పటికే ఊళ్లు విడుచుచున్నారు. పారు నదిని చదువనేర్చిన సరంగు నిలువనీటి సరస్సును క్రొత్తగా చదువవలసి వచ్చును. మునిగిన చెట్లు, గోడలు, గుట్టలు ఎచ్చట నున్నవో గుర్తించిన పటము లేకుండ ఆ నీటిమీద లాంచీని నడుపుట మరియొక కచ్చులూరును ఆహ్వానించుటయే. అప్పటికి కావలసిన నియమములు నేడే చేయవలెను.

ప్రభుత్వములు చేయుదాక ఊరకుండనవసరము లేదు. ఈ యేడు పాపికొండలకు పోదలచిన పాఠకులు, టికెట్టు కొనకముందు అమ్మువానిని రెండు ప్రశ్నలు అడుగుడు. గోదావరిలోను, శబరిలోను నేటి నీటిమట్టమెంత? నదివలన యాత్ర ఆగినచో నా డబ్బు ఎప్పుడు తిరిగి ఇత్తువు? ఈ రెంటికిని తిన్నగా సమాధానము చెప్పలేనివాని వద్ద టికెట్టు కొనకుడు.